ఇటుక గోడకు జిప్సం పలకల తొడుగు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. పాత యింటిని బాగుచేయుట ఆ రెంటికిని తీసిపోని పని. కొత్త యింటిలో ఏ గోడ యెట్టిదో కట్టించినవారికి తెలియును. పాత యింటిలో గోడ తన రోగమును వెల్ల క్రింద దాచుకొనియుండును. పెచ్చులూడిన గోడను చూచి విసిగిన గృహస్థునకు నేడు అంగడివారు చెప్పు ఉపాయము జిప్సం పలకల తొడుగు. నాలుగు దినములలో గోడ అద్దమువలె నునుపగునని వారందురు. ఆ మాట సగము నిజము. మిగిలిన సగము తెలియక పలక బిగించినవారు రెండు వానకాలములు గడువకమున్నే తాము వెచ్చించిన ధనము బూజుపట్టుట చూడవలసి వచ్చును.

మన భాషవారు తరతరములుగా వేరు రాష్ట్రములందు స్థిరపడి, అచటి యిండ్లలో, అచటి పనివారితో కాపురము సాగించుచున్నారు. తెలుగున తాపీ మేస్త్రి యనబడువాడు తమిళుల నడుమ కొత్తనారు, మహారాష్ట్రుల నడుమ గవండి, ఒడియావారికి రాజమిస్త్రి. గోడలోని చెమ్మను తమిళమున ఈరమనియు, కన్నడమున తేవ యనియు, మరాఠీలో ఓల్ అనియు అందురు. పనివానితో ఏ భాషలో మాటలాడినను, చేయింపవలసిన పని యేమో, చేయింపరానిది యేమో యజమానుడు ముందుగా తన భాషలో తెలిసికొనియుండుట మేలు. ఈ వ్యాసము అందుకొఱకే వ్రాయబడినది.

1. జిప్సం పలక యనగానేమి?

జిప్సము ఒక మెత్తని ఖనిజము. మన ఆయుర్వేదమునకు ఇది గోదంతి యను పేరుతో పరిచితమే. రసాయనశాస్త్రరీత్యా ఇది కాల్షియం సల్ఫేటు. ప్రతి అణువుతోను రెండు నీటి అణువులు కూడియుండును. బరువులో సుమారు 21 వంతుల పాలు, అనగా నూటికి ఇరువదియొక్క పాళ్లు, నీరే. దీనిని 150 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున కాల్చినచో నీటిలో ముప్పాతిక భాగము పోయి తెల్లని పొడి మిగులును. అదియే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్. ప్యారిస్ నగరములోని మోమార్త్ర్ గుట్ట గనులనుండి విరివిగా వచ్చుటచే దానికి ఆ పేరు కలిగినది. ఆ పొడికి మరల నీరు కలిపినచో పోయిన నీటిని త్రాగి గట్టిపడును. గట్టిపడు సమయమున రెండు మందపు కాగితముల నడుమ దానిని పరచి పలకగా తీసినదే జిప్సం బోర్డు. ఈ విధమైన పలకకు 1894లో అమెరికాలో అగస్టిన్ సాకెట్ అనునాతడు హక్కుపత్రము పొందెను. నీటితో కలిపిన గారను గోడకు పూయు పని లేకుండుటచే అమెరికావారు దీనిని "డ్రైవాల్" అనిరి. మన దేశమున ఈ పలకల నాణ్యమునకు ఐ.ఎస్. 2095 అను ప్రమాణము కలదు.

గోడలకు సాధారణముగా 12.5 మి.మీ. మందముగల పలక వాడుదురు. 1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవుగల పలక యొకటి సుమారు 25 కిలోలు తూగును. కావున దానిని నిలుపుటకు ఇద్దరు మనుష్యులు కావలెను.

ఈ పలకకు ఒక గొప్ప గుణము, ఒక గొప్ప దోషము కలవు. రెంటికిని నీరే కారణము. నిప్పంటినప్పుడు లోపలి నీరు ఆవిరియగుచున్నంతసేపు పలక వెనుకటి వేడి నూరు డిగ్రీల చెంతనే నిలుచును. అందుచే మంట వ్యాపింపక కొంత కాలము ఆగును. ఇది గుణము. దోషమేమనగా జిప్సము నీటిలో కరగును. లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములు కరుగును. అది స్వల్పమే యైనను, నిత్యము తడియుచున్న పలక మెత్తబడి, ఉబ్బి, పిండివలె రాలును. పై కాగితము బూజునకు ఆహారమగును. ఆకుపచ్చ కాగితముగల పలక చెమ్మను కొంత సహించునదే గాని నీటిని జయించునది కాదు.

2. ఇటుక స్వభావము

ఇటుక రాయివలె కనబడినను లోపల స్పంజివంటిది. కాల్చిన సాధారణపు ఇటుకను ఇరువదినాలుగు గంటలు నీటిలో ముంచినచో అది తన బరువులో నూటికి 20 పాళ్లకు మించి నీరు త్రాగరాదని ఐ.ఎస్. 1077 ప్రమాణము చెప్పుచున్నది. అనగా మూడు కిలోల ఇటుక 600 మిల్లీలీటర్ల వరకు త్రాగవచ్చునన్నమాట. తొమ్మిది అంగుళముల మందముగల గోడలో చదరపు మీటరునకు నూటికి పైగా ఇటుకలుండును. లెక్క చూచినచో అంతటి గోడలో హెచ్చుపక్షమున అరువది లీటర్ల నీటికి తావు కలదు. ఇంత నీటిని దాచగల గోడకు, నీటిలో కరుగు పలకను బిగించుచున్నామను సంగతి మరువరాదు.

మన పాత యిండ్లు చాలవానిలో పునాదిపై చెమ్మను ఆపు అడ్డుపొర లేదు. నేలలోని నీరు దీపపు వత్తిలో నూనెవలె ఇటుకల రంధ్రములగుండ పైకి ప్రాకును. సాధారణముగా ఒక మీటరు ఎత్తువరకు ఎక్కును. ఎక్కిన నీరు గోడ ముఖమున ఆవిరియగునప్పుడు దానిలోని ఉప్పు అచటనే నిలిచి తెల్లని చౌడుగా పొంగును. పూతను పెచ్చులుగా తోయునది ఆ చౌడే. పూర్వపు సున్నపు గార ఈ ఆవిరిని బయటకు పోనిచ్చెడిది. దానిపై సిమెంటు పూసి, సిమెంటుపై నిగనిగలాడు రంగు వేసినచో ఆవిరికి దారి మూసుకొనిపోవును. అప్పుడు చెమ్మ తగ్గదు, మరికొంత పైకెక్కును. పలకల తొడుగు కూడ ఇట్టి మూతయే కాగలదు.

3. చెమ్మ యెచటినుండి వచ్చుచున్నది?

వైద్యుడు నాడి చూడక మందియ్యడు. గోడ విషయమునను అట్లే చేయవలెను. చెమ్మకు ముఖ్యముగా నాలుగు దారులు కలవు.

మొదటిది నేల. మరక అడుగుననుండి మొదలై మూడు నాలుగడుగుల ఎత్తున ఒక గీతవలె ఆగియుండును. ఇంటివెలుపలి మట్టి లోపలి నేలకంటె ఎత్తుగానున్నచో ఈ దోషము హెచ్చగును. రెండవది వాన. వెలుపలి పూతలోని పగులు, చూరునుండి కారు నీరు, కిటికీ క్రింది సందు దీనికి కారణములు. వాన వెలిసిన ఒకటి రెండు దినములకు మచ్చలు కనబడును. మూడవది గొట్టము. గోడకు ఆవలిప్రక్క స్నానపు గదియో, గోడలోపల నీటి గొట్టమో యుండి, ఎండకాలమునను మచ్చ ఆరక యొక్కచోటనే నిలిచియుండును. నాలుగవది గాలి. గదిలోని ఆవిరి చల్లని గోడను తాకి నీరగును. బీరువా వెనుక, మంచము వెనుక, గాలి ఆడని మూలలందు ఇది కనబడును.

గాలి చెమ్మయో, గోడ చెమ్మయో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. రెండడుగుల చదరపు పాలిథీన్ కాగితమును గోడపై పరచి నాలుగంచులను అంటుపట్టీతో గాలి చొరకుండ మూయవలెను. రెండు దినములు ఆగి చూడవలెను. కాగితముపై గదివైపున నీటి బిందువులున్నచో అది గాలినుండి వచ్చినది. కాగితము వెనుక, గోడవైపున ఉన్నచో అది గోడనుండి వచ్చినది. బడిలో ఘనీభవనమును గూర్చి చదువుకొను పిల్లలచేత ఈ పరీక్ష చేయించినచో వారికి పాఠము, మనకు నిజము రెండును దక్కును.

ఈ పరీక్షను ఎండకాలమున చేసి తృప్తిపడరాదు. ముంబయివారు జులై ఆగస్టు మాసములందును, చెన్నైవారు నవంబరునందును, బెంగుళూరువారు సెప్టెంబరు అక్టోబరులందును, బరంపురము, యానాము ప్రాంతములవారు వానకాలపు నడుమను, మరల తుఫానుల ఋతువునందును గోడను చూడవలెను. ఆ కాలమున పొడిగానున్న గోడయే నిజముగా పొడి గోడ.

దోషము కనుగొని బాగుచేసిన పిదప గోడ ఆరుటకు వ్యవధి యియ్యవలెను. అంగుళము మందమునకు ఒక నెల యని గృహనిర్మాతలలో వాడుకలోనున్న లెక్క. పూర్తిగా తడిసిన తొమ్మిది అంగుళముల గోడకు దాదాపు తొమ్మిది నెలలన్నమాట. 2015 డిసెంబరు వరదలలో చెన్నైలో మునిగిన యిండ్ల గోడలు ఈ లెక్కప్రకారము మరుసటి సంవత్సరపు ఎండలు ముగియువరకు పలకకు తగినవి కావు.

4. బిగించు పద్ధతులు మూడు

గోడ పొడిదని తేలిన పిమ్మట పద్ధతిని ఎన్నుకొనవలెను.

మొదటి పద్ధతి ముద్దలతో అంటించుట. జిప్సముతో చేసిన జిగురు పొడిని నీటిలో కలిపి, గోడపై జానెడు ముద్దలుగా నిలువు వరుసలలో పెట్టి, పలకను వానికి ఆనించి, పొడవైన చదరపు బద్దతో తట్టుచు తూకమునకు తెత్తురు. పలక అంచుల వెంబడియు, కిటికీ ద్వారముల చుట్టును జిగురును తెగకుండ గీతవలె పెట్టవలెను. లేనిచో పలక వెనుక గాలి తిరిగి దుమ్మును, ధ్వనిని లోపలికి తెచ్చును. ఇది చవుకయైనది, త్వరగా ముగియునది, స్థలము తక్కువ తీసికొనునది. కాని గోడ గట్టిగను, సమముగను, దుమ్ములేకను ఉండవలెను. వ్రేలితో తట్టినప్పుడు గుల్ల ధ్వని వచ్చు పూతనంతను కొట్టివేయవలెను. పాత వెల్లపై అంటించిన పలక వెల్లతోకూడ ఊడివచ్చును. వానదెబ్బ తగులు బయటి గోడలకు ఈ పద్ధతి వలదు. ప్రతి ముద్దయు గోడలోని చెమ్మ పలకకు చేరుటకు వంతెన యగును.

రెండవది కర్రబద్దలపై బిగించుట. రెండంగుళముల వెడల్పు, అంగుళము మందముగల బద్దలను అడుగున్నర మొదలు రెండడుగుల ఎడముగా గోడకు మరమేకులతో బిగించి, వంకరయున్నచోట వెనుక చిన్న బిళ్లలు పెట్టి సమముచేసి, వానిపై పలకలను నిలుపుదురు. చలిదేశములందు ఇది మిక్కిలి వాడుక. మన దేశమున చెదపురుగు నివసించును. మందు పట్టించని కర్రను ఇటుక గోడకు ఆనించుట చెదలకు విందుచేయుటయే. బద్ద వెనుక చెమ్మను ఆపు పట్టీని తప్పక వేయవలెను.

మూడవది లోహపు చట్రము. నేలపై ఒకటి, కప్పు క్రింద ఒకటి జస్తాపూతగల ఇనుప తొట్టెబద్దలను బిగించి, వాని నడుమ నిలువు బద్దలను రెండడుగుల ఎడముగా నిలుపుదురు. చట్రము గోడను తాకక సందు విడిచి నిలుచును. కావున గోడ వంకర పలకకు రాదు, చెమ్మయు సులభముగా చేరదు. విద్యుత్తు తీగలు ఆ సందులో పోవచ్చును. జస్తాపూత లేని ఇనుము తడిసిన జిప్సము ప్రక్కన త్వరగా త్రుప్పుపట్టును గనుక చవుక సరకునకు ఆశపడరాదు. పాత యిండ్ల బయటి గోడలకు మూడింటిలో ఇదియే మేలు.

ఐతే స్థలమును లెక్కింపవలెను. పదడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవుగల గది 120 చదరపుటడుగులు. నాలుగు గోడలకును మూడేసి అంగుళముల చట్రము వేసినచో మిగులునది తొమ్మిదిన్నర, పదునొకటిన్నర అడుగుల గది, అనగా 109¼ చదరపుటడుగులు. పోయినది 10¾. ఒక విద్యార్థి బల్లయు కుర్చీయు పట్టు చోటది. అంగుళము మందమున ముద్దలతో అంటించినచో పోవునది మూడున్నరకు కొంచెము పైన మాత్రమే. కావున అన్ని గోడలకును ఒకే పద్ధతి యనక, బయటి గోడకు చట్రము, లోపలి పొడి గోడకు ముద్దలు అని విభజించుకొనుట వివేకము.

5. పనిజరుగు తీరు

మొదట గదికి విద్యుత్తును ఆపించి, గోడలోని తీగలు, గొట్టములు ఎచటనున్నవో గుర్తింపవలెను. తూకపుగుండుతో గోడలో అన్నింటికంటె ముందుకు వచ్చిన చోటును కనుగొని, దానికి ముందుగా నేలపై రంగుదారముతో గీత కొట్టవలెను. తొడుగంతయు ఆ గీతనుబట్టియే నిలుచును.

పలకను కోయుటకు రంపము అక్కరలేదు. ముందు కాగితమును కత్తితో గీచి, వెనుకకు విరిచి, వెనుక కాగితమును కోసినచో చాలును. పలకను నేలకు ఆనింపరాదు. అడుగున అర అంగుళము సందు విడువవలెను. నేల కడిగిన నీరు ఆ సందును దాటి పలకను అంటదు. సందును తరువాత అడుగుపట్టీ కప్పును. నేలను నీళ్లతో కడుగు మన యిండ్లలో ఈ యొక్క జాగ్రత్త పలక ఆయువును ఎన్నో యేండ్లు పెంచును.

చట్రముపై బిగించునప్పుడు 25 మి.మీ. మరమేకులను సుమారు అడుగునకొకటి చొప్పున వేయవలెను. అంచునకు 10 మి.మీ. లోపల వేసినచో అంచు చిట్లును. మేకు తల కాగితమునకు కొంచెము లోనికి దిగవలెనేగాని కాగితమును చింపరాదు. పలకను పట్టియుంచునది కాగితమే. పలకల కీళ్లపై పట్టీ అంటించి, కీలుముద్దను మూడు పూతలుగా పూసి, ఒక్కొక్క పూతను పూర్తిగా ఆరనిచ్చి, సన్నగా రుద్ది, పిదప రంగు వేయవలెను. తొందరపడినచోట ఏడాదిలోపల పగులు కనబడును.

పుస్తకముల అర, నీటిని కాచు యంత్రము, గోడ బీరువా మొదలైన బరువులను ఒట్టి పలకకు వ్రేలాడదీయరాదు. ఎచట వ్రేలాడదీయనున్నామో ముందే నిర్ణయించి, పలక వెనుక దళసరి ప్లైవుడ్ చెక్కను చట్రమునకు బిగించి యుంచవలెను. లేదా పొడవైన మేకు ఇటుకవరకు దిగవలెను.

ఒక విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. చలిదేశముల గ్రంథములందు పలక వెనుక, గదివైపున పాలిథీన్ పొర వేయుమని వ్రాయుదురు. అచట వెచ్చని గది గాలిలోని ఆవిరి బయటి చలిగోడవైపు పోవును. చెన్నై, ముంబయివంటి తీరనగరములందు ఏ.సి. గదిలో ఇది తలక్రిందులు. బయటి వెచ్చని తేమగాలి చల్లని గదివైపు వచ్చును. గదివైపున వేసిన పొర ఆ తేమను పలక వెనుకనే పట్టియుంచును. కావున ఆ పద్ధతిని మన గదులకు అనుకరింపరాదు. ప్లాస్టిక్ గోడకాగితము అంటించుటయు అటువంటిదే.

6. పిల్లల క్షేమము

గోడ అందము పెద్దల విషయము. గోడ చెమ్మ పిల్లల విషయము. తడిసిన కాగితము ఒకటి రెండు దినములలో ఆరనిచో బూజు ఆరంభమగును. పలక వెనుక పుట్టిన బూజు కంటికి కనబడదు. దాని సూక్ష్మబీజములు మాత్రము గదిలోనికి వచ్చును. చెమ్మయు బూజుమున్న యిండ్లలో ఉబ్బసము, దగ్గు మొదలైన శ్వాసరోగములు హెచ్చని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములందు తెలిపినది. పిల్లవాడు ఒక గదిలో నిద్రించిన దినములందే దగ్గుచున్నచో, వైద్యునకు చూపుటతోపాటు ఆ గది గోడను కూడ చూడవలెను. కొత్త తొడుగు వేసిన గదిలో మట్టివాసన వచ్చుచున్నచో అడుగుపట్టీని తీసి లోపల చూచుట మంచిది.

పని జరుగు దినములందు మరి రెండు భయములు కలవు. ఇటుకను తొలుచునప్పుడు రేగు సన్నని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. నీరు చిలుకరించి తొలిపించవలెను. పనివాని ముక్కునకు తొడుగు ఇయ్యవలెను. అతని పిల్లలును మన పిల్లలవంటివారే. రెండవది పాత రంగు. మన దేశమున ఇంటి రంగులలో సీసమును పదిలక్షలకు 90 పాళ్లకు పరిమితముచేసిన నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందటి రంగులో సీసముండవచ్చును. దానిని పొడిగా రుద్దరాదు. తడిపి గీకించి, గదిని తడిగుడ్డతో తుడిపించి, అంతవరకు పసిపిల్లలను ఆ గదిలోనికి రానీయరాదు.

7. తొడుగు అక్కరలేనిచోట

స్నానపు గదిలోను, వంటింటి తొట్టి వెనుకను, వరదనీరు వచ్చు నేలగదులందును జిప్సం పలక తగదు. అచట సిమెంటు పలకయో, మామూలు పూతయో ఉండవలెను. నేలచెమ్మను ఆపలేని పాత గోడకు అన్నింటికంటె మంచి చికిత్స, ఉక్కిరిబిక్కిరి చేయుచున్న సిమెంటు పూతను కొట్టివేసి, వెలుపలి మట్టిని తగ్గించి, సున్నపు గారను మరల పూయించుటయే. అట్టి గోడ నునుపుగానుండకపోవచ్చును. అప్పుడప్పుడు వెల్ల అడుగుచుండును. కాని తడిసిన దినమున తన తడిని దాచక చూపును, ఎండిన దినమున ఆరును.

సారాంశము

(1) వానకాలమున పరీక్షింపక పలక కొనరాదు.
(2) చెమ్మ దారిని మూసి, గోడను పూర్తిగా ఆరనియ్యవలెను.
(3) బయటి గోడకు జస్తాపూత చట్రము, లోపలి పొడి గోడకు జిగురుముద్దలు వాడవలెను.
(4) పలకకును నేలకును నడుమ అర అంగుళము సందు విడువవలెను.
(5) బరువుల చోటును ముందే నిర్ణయింపవలెను.
(6) తీరనగరముల ఏ.సి. గదులకు గదివైపున పాలిథీన్ పొర వలదు.
(7) ధూళినుండియు పాత రంగునుండియు పిల్లలను దూరముగా నుంచవలెను.

మేస్త్రితో బేరము కుదుర్చుకొనుటకు ముందు ఈ యేడు సంగతులను ఒక కాగితముపై వ్రాసికొని, అతని భాషలో అతనికి చదివి వినిపించుట మంచిది. వినిన పిమ్మట "ముందు గోడ ఆరవలెను, నేను తరువాత వత్తును" అని చెప్పిన మేస్త్రి దొరకినచో, అతనికి నాలుగు రూపాయలు ఎక్కువైనను ఇచ్చి పని అప్పగింపవచ్చును.